న్యూ ఆర్లియన్స్ జాజ్ వింటూ వాద్యకారుల రూపచిత్రాలు వేయడం: సమగ్ర మార్గదర్శి

జాజ్ వాద్యకారుల బొమ్మలు వేయాలనుకునేవారిలో చాలామంది ట్రంపెట్ ఊదుతున్న మనిషితోనే మొదలుపెడతారు. కళ్లు మూసుకుని, పెదవులు బిగించి, వాద్యాన్ని పైకెత్తిన ఆ భంగిమ చూపును లాగుతుందన్నది నిజమే, కానీ అందులో మనిషి పోలిక చాలా తక్కువగా ఉంటుంది. ఊదేటప్పుడు నోటి చుట్టూ ఉన్న కండరాలన్నీ వాద్యం కోరిన పనిలో ఉంటాయి, పెదవుల మీద లోహపు మౌత్‌పీస్ అడ్డుగా ఉంటుంది, గడ్డం తన సహజమైన ఆకారాన్ని కోల్పోతుంది. అదే వాద్యకారుడు తన వంతు ముగించి, ట్రంపెట్‌ను తొడ మీద ఆనించి, పక్కనున్న క్లారినెట్‌ను వింటున్నప్పుడు చూడండి. ముఖం మళ్లీ ఆయనదవుతుంది, నడుస్తున్న సంగీతం కూడా అందులోనే కనిపిస్తుంది. ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతి అంతా ఆ వినే ముఖాన్ని పట్టుకోవడానికే.

ఇందుకు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను మించిన చోటు లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నగరంలో ఈ రెండు కళలూ ఒకే గదిలో కలిశాయి. 1950లలో లారీ బోరెన్‌స్టీన్ అనే చిత్రాల వ్యాపారి సెయింట్ పీటర్ వీధిలోని తన గ్యాలరీకి వయసు మీరిన వాద్యకారులను పిలిపించి, వారి చేత వాయింపజేసుకుని వినేవారు. 1961లో ఆ గదే అలన్, శాండ్రా జాఫీ దంపతుల నిర్వహణలో ప్రిజర్వేషన్ హాల్ అనే సంగీత వేదిక అయింది. నోయెల్ రాక్‌మోర్ (1928–1995) అనే చిత్రకారుడు 1960లలో అక్కడ వాయించే వారి రూపచిత్రాలను పెద్ద సంఖ్యలో వేశారు. హ్యూస్టన్, డాలస్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ నగరం అందుబాటులోనే ఉంది. హ్యూస్టన్ నుంచి పదో నంబరు ఇంటర్‌స్టేట్ మీద దాదాపు 350 మైళ్లు, అంటే ఐదారు గంటల ప్రయాణం.

1. కుంచె పట్టేముందు పాట నడకను తెలుసుకోవడం

వాద్యకారుడు ఎప్పుడు ఊదుతాడో, ఎప్పుడు ఆగుతాడో ముందుగా ఊహించగలిగితేనే మీ పెన్సిల్ సమయానికి కదులుతుంది. ఈ ఊహ అదృష్టం మీద ఆధారపడినది కాదు, పాట నిర్మాణం తెలిస్తే ఎవరికైనా వస్తుంది. న్యూ ఆర్లియన్స్ సంప్రదాయ బృందంలో ముందు వరుసలో మూడు వాద్యాలు ఉంటాయి: ట్రంపెట్ లేదా కార్నెట్ అసలు బాణీని నడిపిస్తుంది, క్లారినెట్ దానికి పైన అల్లుతూ పోతుంది, ట్రాంబోన్ కింది నుంచి ఆసరా ఇస్తుంది. వెనుక డ్రమ్స్, బాస్ లేదా ట్యూబా, పియానో, బ్యాంజో లేదా గిటార్ లయను మోస్తాయి. పాట మొదట్లోనూ చివర్లోనూ ముందు వరుస వాళ్లు ముగ్గురూ కలిసి వాయిస్తారు, మధ్యలో ఒక్కొక్కరూ విడిగా సోలో వాయిస్తారు. అంటే పాట మధ్యభాగమంతా ముందు వరుసలో కనీసం ఒకరో ఇద్దరో ఊరికే నిలబడో, కూర్చునో వింటూ ఉంటారన్నమాట. మీ బొమ్మ అక్కడ ఉంది.

సోలో ఎంతసేపు ఉంటుందో కూడా లెక్క కట్టవచ్చు. జాజ్ పాట ఒక చుట్టును కోరస్ అంటారు. దాన్ని బార్లు అనే సమాన లయ భాగాల్లో కొలుస్తారు. ఎక్కువ పాటల్లో అది 32 బార్లు, బ్లూస్ అనే రకం పాటల్లో 12 బార్లు, బారుకు సాధారణంగా 4 తాళపు దెబ్బలు. నిమిషానికి 160 దెబ్బల వేగంతో నడిచే 32 బార్ల పాటలో ఒక కోరస్ 48 సెకన్లలో ముగుస్తుంది, నిమిషానికి 64 దెబ్బలతో సాగే నిదానపు పాటలో అదే కోరస్ రెండు నిమిషాలు పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల బ్లూస్‌లో 12 బార్లు 24 సెకన్లే. సోలో వాయించేవారు ఒక కోరస్‌తో ఆపవచ్చు, రెండు మూడు తీసుకోవచ్చు, కానీ సాధారణంగా మధ్యలో తెగ్గొట్టరు. ఇంట్లో రికార్డింగులు పెట్టుకుని కోరస్ ముగిసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టే అలవాటు చేసుకోండి. కొన్ని వారాలకు కోరస్ చివరి నాలుగు బార్లు వస్తున్నాయని చెవికి దానంతటదే తెలుస్తుంది. తాళం వేస్తూ కచేరీలు విన్న అలవాటున్న తెలుగు శ్రోతకు ఇది అంత కష్టం కాదు.

2. ఎక్కడ వినాలి

బొమ్మలు వేసేవారికి అన్ని చోట్లూ ఒకటి కావు. ప్రిజర్వేషన్ హాల్ చిన్న గది, అక్కడ మద్యం అమ్మరు, మైకులు లేకుండా వాయిస్తారు, ఒక్కో ప్రదర్శన దాదాపు 45 నిమిషాలు. వాద్యకారులు మీకు కొద్ది అడుగుల దూరంలోనే కూర్చుంటారు. ప్రదర్శన జరుగుతుండగా ఫోటోలు, వీడియోలు తీయనివ్వరు. చిత్రకారుడికి ఇది వరం, ఎందుకంటే ఎదురుగా ఎవరి ఫోనూ లేవదు, మీ చేతిలో పెన్సిల్ తప్ప మరో దారి ఉండదు. ముందే టికెట్ తీసుకోండి. నేల మీద దిండ్లు, బెంచీలు, వెనుక నిలబడే చోటు ఉంటాయి. ముఖం గీయాలంటే ముందు దిండ్ల మీద కూర్చోవడం కంటే ఒక పక్కగా బెంచీ చివర దొరికితే మేలు, కింద కూర్చుంటే ముక్కుపుటాలు, గడ్డం అడుగుభాగమే ఎక్కువగా కనిపిస్తాయి.

ఫ్రెంచ్‌మెన్ వీధిలో క్లబ్బులు పక్కపక్కనే ఉంటాయి. స్నగ్ హార్బర్‌లో కుర్చీల్లో కూర్చుని నిశ్శబ్దంగా వినే ఆధునిక జాజ్ ఎక్కువ. పియానో విద్వాంసుడు ఎల్లిస్ మార్సాలిస్ 2020లో మరణించడానికి కొంతకాలం ముందు వరకు దశాబ్దాల పాటు వాయించిన చోటు అది. స్పాటెడ్ క్యాట్ వంటి చిన్న బార్లలో జనం నిలబడి, నృత్యం చేస్తూ వింటారు. అక్కడ పూర్తి రూపచిత్రం ఆశించకండి, భంగిమలు మాత్రమే తీసుకోండి. జాక్సన్ స్క్వేర్ చుట్టూ పగటిపూట వీధి వాద్యకారులు వాయిస్తారు, అదే కంచెకు చిత్రకారులు తమ బొమ్మలు వేలాడదీస్తారు. సహజమైన వెలుగులో చర్మపు రంగును చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఏ రాత్రి ఎక్కడ ఎవరు వాయిస్తున్నారో స్థానిక రేడియో డబ్ల్యూడబ్ల్యూఓజీ 90.7 రోజువారీ పట్టికలో చెబుతుంది.

ఆదివారాల్లో జరిగే సెకండ్ లైన్ ఊరేగింపులనూ చూడండి. బ్రాస్ బ్యాండు వెంట జనం నడుస్తూ, ఆడుతూ పోతారు, వాద్యకారులు ఎక్కడా నిలవరు. అక్కడ గీయాలని పట్టుబట్టకుండా, సౌసాఫోన్ (ఒంటికి చుట్టుకుని మోసే పెద్ద ఇత్తడి బాకా) మోసే మనిషి నడుము ఎటు వంగుతుందో, బరువు ఏ భుజం మీద పడుతుందో కళ్లతో నింపుకుంటే చాలు.

3. సామగ్రి

సంచి చిన్నదిగా ఉండాలి. ఏ5 పరిమాణంలో గట్టి అట్ట ఉన్న స్కెచ్‌బుక్, 4బీ, 6బీ పెన్సిళ్లు, నల్ల బ్రష్ పెన్, తెల్ల పెన్సిల్ చాలు. కాగితం తెల్లగా ఉండకూడదు. బూడిదరంగుదో, లేత మట్టిరంగుదో తీసుకుంటే మధ్యస్థపు నీడను కాగితమే ఇస్తుంది, మీరు చీకటిని పెన్సిల్‌తో, మెరుపును తెల్ల పెన్సిల్‌తో వేస్తే సరిపోతుంది. ఎర్రటి కాంటే కడ్డీలు (గట్టి సుద్దలాంటి రంగు కడ్డీలు) ఎంత అందంగా ఉన్నా క్లబ్బుకు తీసుకెళ్లకండి, వేదిక మీది ఎర్ర దీపాల కింద లేత కాగితం మీద ఎర్ర గీత కంటికి కనిపించనే కనిపించదు. పుస్తకానికి తగిలించుకునే చిన్న దీపం వాడవద్దు, చుట్టూ ఉన్నవారికీ వాద్యకారులకూ అది ఇబ్బంది. గీసేది చూసుకోకుండా చేయి కదిలే అలవాటును ఇంట్లోనే చీకటి గదిలో సాధన చేయండి.

4. వాద్యాన్ని విడిగా గీయడం

వేదిక ముందు మనిషిని, వాద్యాన్ని ఒకేసారి నేర్చుకోవడం సాధ్యం కాదు. వాద్యం ముందే చేతికి వచ్చి ఉండాలి. ఎస్ప్లనేడ్ అవెన్యూలో పాత టంకశాల భవనంలో ఉన్న న్యూ ఆర్లియన్స్ జాజ్ మ్యూజియంలో వాద్యాలు అద్దాల వెనుక కదలకుండా ఉంటాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యంలో వాయించినదిగా భద్రపరచిన కార్నెట్ కూడా వారి సేకరణలోదే. ఒక పూట అక్కడ గడపండి.

గీసేటప్పుడు తలను కొలమానంగా పెట్టుకోండి. పెద్దవారి తల ఎత్తు ఇంచుమించు 9 అంగుళాలు. బీ ఫ్లాట్ ట్రంపెట్ పొడవు దాదాపు 19 అంగుళాలు, అంటే రెండు తలలు. దాని గంట, అంటే శబ్దం బయటకు వచ్చే విప్పారిన మూతి, వెడల్పు 5 అంగుళాల లోపు, అంటే సగం తల. క్లారినెట్ 26 అంగుళాలు, మూడు తలలకు కొంచెం తక్కువ. నిలువు బాస్ ఆరడుగులు, ఎనిమిది తలలు. ఎదురుగా ఉన్న వాద్యం మీ వైపు తిరిగినప్పుడు ఈ పొడవులు కుదించుకుపోతాయి కాబట్టి కొలతను మక్కీకి మక్కీ దింపకుండా, గంట వలయం ఎంత గుండ్రంగా కనిపిస్తోందో చూసి పొడవును నిర్ణయించండి. వలయం పూర్తి వృత్తానికి దగ్గరగా ఉంటే గొట్టం పొడవు దాదాపు కనిపించదు, సన్నటి దీర్ఘవృత్తంగా ఉంటే గొట్టం పూర్తిగా కనిపిస్తుంది. ట్రంపెట్ బొమ్మలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

చేతుల విషయంలో ఒక్క మాట. ట్రంపెట్‌లో కుడిచేతి మూడు వేళ్లు మూడు వాల్వుల మీద ఉంటాయి, బరువు ఎడమచేయి మోస్తుంది. క్లారినెట్, శాక్సోఫోన్‌లలో ఎడమచేయి పైన, కుడిచేయి కింద. శాక్సోఫోన్ బరువు మెడకు వేసుకున్న పట్టీ మీద పడుతుంది కాబట్టి కాలరు దగ్గర బట్ట ముడతలు ఎటు లాగబడుతున్నాయో చూపిస్తేనే ఆ బరువు నమ్మశక్యంగా ఉంటుంది. ట్రాంబోన్ జారుడు గొట్టానికి ఏడు స్థానాలున్నా, చేయి బారుగా చాచిన ఏడో స్థానం అరుదుగా వస్తుంది. మోచేయి కొంచెం వంగిన మధ్య స్థానాన్నే ఎంచుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో ఉండి న్యూ ఆర్లియన్స్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళాన్ని వదులుకోకూడదు. ట్రంపెట్, క్లారినెట్, శాక్సోఫోన్, పెద్ద బాకాలు అన్నీ అక్కడ ఉంటాయి, వాయించేవారు చేయి తిరిగినవారు, పాటకూ పాటకూ మధ్య ఆగుతారు. ఊరేగింపు మొదలయ్యేముందు వాళ్లు వాద్యాలు సరిచూసుకుంటూ అరుగు మీద కూర్చునే సమయంలో, అడిగితే సంతోషంగా బొమ్మకు ఒప్పుకుంటారు.

5. కూర్చునే మర్యాద

మన సంగీత కచేరీలో చప్పట్లు ఎక్కువగా కీర్తన చివర్లోనో, తని ఆవర్తనం తర్వాతో వస్తాయి. జాజ్‌లో మాత్రం పాట నడుస్తుండగానే ప్రతి సోలో ముగిసినప్పుడూ చప్పట్లు కొడతారు. స్కెచ్‌లో మునిగిపోయి ఆ చప్పట్లు మరిచిపోకండి. ముందు వరుసలో చప్పట్లు కొట్టకుండా తల వంచుకుని గీసుకునే మనిషి వాద్యకారుడికి ఉత్సాహాన్ని ఇవ్వడు. నిదానపు పాటలో, ముఖ్యంగా బాస్ సోలోలో, కాగితం తిప్పిన చప్పుడు కూడా గదంతా వినిపిస్తుంది.

బృందం ముందు ఉంచిన డబ్బాలో డబ్బు వేయడం న్యూ ఆర్లియన్స్‌లో మొహమాటం కోసం చేసేది కాదు, చాలా చోట్ల వాద్యకారుల ఆదాయంలో అది ప్రధాన భాగం. వీధిలో ఒకరిని చూసి బొమ్మ వేసుకున్నప్పుడు 5 డాలర్ల కంటే తక్కువ వేయడం నాకు న్యాయంగా అనిపించదు. సెట్ (విరామం దాకా వరుసగా వాయించే పాటలు) అంతా కూర్చుని గీసుకుంటే 20 డాలర్ల నోటు సబబు. నగదు చిన్న నోట్లుగా ముందే జేబులో ఉంచుకోండి.

6. వినే ముఖాన్ని గీయడం

మొదటి రెండు పాటలూ గీయకండి. ఎవరి అలవాట్లు ఏమిటో చూడండి. ప్రతి వాద్యకారుడికీ ఊదడం ఆపిన తర్వాత చేసే పనుల వరుస ఒకటి ఉంటుంది, అది రాత్రంతా మారదు. ట్రంపెట్ వాద్యకారుడు పెదవుల మీది మౌత్‌పీస్‌ను తీసి, ఒక్క క్షణం పెదవులు లోపలికి ముడిచి వదులుతారు. మౌత్‌పీస్ అంచు పెదవి మీద విడిచిన గుండ్రటి ముద్ర అప్పటికి ఇంకా పోదు. తర్వాత వేలితో నీటి మీటను నొక్కి గొట్టంలో చేరిన తేమను నేల మీదకు ఊదేస్తారు, రుమాలుతో నుదురు తుడుచుకుంటారు, వాద్యాన్ని తొడ మీదో ఛాతీకి ఆనించో పెట్టుకుంటారు. అప్పుడు కళ్లు సోలో వాయిస్తున్న వ్యక్తి వైపు వెళ్తాయి, లేదా నేల మీద ఏదో ఒక బిందువు దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి తన వంతు తిరిగి వచ్చేదాకా ఆ ముఖం దాదాపు కదలదు. మీకు దొరికే సమయం ఒకటి నుంచి మూడు కోరస్‌లు.

ఆ సమయంలో చేయవలసిన పనికి ఒక క్రమం ఉంది. ముందు తల వాలును ఒకే గీతతో పెట్టండి: నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా గీసే ఆ గీత నిలువుగా ఉందా, సోలో వైపు ఒరిగిందా అన్నదే వినడాన్ని చెబుతుంది. రెండో గీత భుజాలది. తల ఒక వైపు, భుజాలు మరో వైపు వాలి ఉంటే ఆ వ్యతిరేకతను కొంచెం కూడా సవరించకండి. తర్వాత నీడను ఒకే ముద్దగా వేయండి. కంటి గుంటలు, ముక్కు కింది భాగం, కింది పెదవి అడుగు, మెడ అన్నీ ఒకే చీకటిలో కలిసిపోయినా ఫరవాలేదు. క్లబ్బు వెలుగులో పోలిక కళ్లలో కంటే ఈ నీడ ఆకారంలోనే ఎక్కువగా ఉంటుంది. కనుపాపలు, కనురెప్పల వంటి వివరాలకు చివరి పది సెకన్లు చాలు.

ఊదడం మళ్లీ మొదలైతే అదే బొమ్మ మీద గీస్తూ పోవద్దు. దాన్ని వదిలేసి, పక్కన ఇంకో చోట క్లారినెట్ వాద్యకారుడిని మొదలుపెట్టండి. ఒకే పేజీలో మూడు నాలుగు ముఖాలు సగంసగంగా ఉంచుకుని, ఎవరు ఆగితే వారి దగ్గరికి వెళ్లాలి. పాట మారినా భంగిమ తిరిగి వస్తుంది, అందుకే సెట్ చివరికి ఒక్కో ముఖానికీ ఐదారు నిమిషాల పని జమ అవుతుంది. ఇది అలవాటయ్యేదాకా ఒకే వ్యక్తి మీద పట్టుదలగా ఉండాలన్న కోరికను అణచుకోవలసి ఉంటుంది.

డ్రమ్స్, పియానో, బాస్ వాద్యకారులు ఎప్పుడూ వాయిస్తూనే ఉంటారు కదా, వారి సంగతేమిటని అడగవచ్చు. నోరు ఖాళీగా ఉంటుంది కాబట్టి వారు వాయిస్తూనే వినగలరు. బాస్ వాద్యకారుడి చెవి చాలాసార్లు వాద్యం మెడకు దగ్గరగా వంగి ఉంటుంది, చూపు మాత్రం డ్రమ్స్ మీద ఉంటుంది. డ్రమ్స్ వాయించేవారు చేతుల వైపు చూడరు. ఈ ముగ్గురి విషయంలో ముఖమూ చేతులూ రెండు వేర్వేరు పనుల్లో ఉన్నట్టు కనిపించాలి. ప్రిజర్వేషన్ హాల్ తొలి తరంలో పేరున్న పియానో కళాకారిణి స్వీట్ ఎమ్మా బారెట్ (1897–1983) తలకు ఎర్ర టోపీ, కాలి పట్టీలకు చిరుగంటలతో వాయించేవారు; 1967లో పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన తర్వాత కూడా కుడిచేత్తో వాయించడం మానలేదు. వాయించని చేయి కూడా రూపచిత్రంలో భాగమేనని ఆమె ఛాయాచిత్రాలు చూస్తే అర్థమవుతుంది.

ఊదుతున్న ముఖమే గుర్తింపుగా మారిన వారు కొందరున్నారు. బుగ్గలు బెలూన్‌లా ఉబ్బించే డిజ్జీ గిలెస్పీ, 1953 నుంచి పైకి వంగిన గంటతో వాయించిన ఆయన ట్రంపెట్, ఆ కోవలోనివి. అయితే చాలామంది ట్రంపెట్ వాద్యకారులు బుగ్గలు ఉబ్బించరు, పెదవి మూలలను గట్టిగా బిగిస్తారు. చూడకుండా ఊహ మీద బుగ్గలు ఉబ్బించి గీస్తే అది ఎవరిదీ కాని బొమ్మ అవుతుంది.

7. రంగుల వివరాలు, ఫోటోలు, హక్కులు

విరామంలో, గుర్తున్నది చెరిగిపోకముందే, స్కెచ్ పక్కన మాటల్లో రాసుకోండి: వెలుగు ఎటు నుంచి వచ్చింది, దాని రంగేమిటి, చొక్కా ముదురా లేతా, ముఖంలో అన్నిటికంటే మెరిసిన చోటు ఏది, వాద్యం లక్క పూసిన పసుపుదా, వెండి పూతదా, పాతబడి మెరుపు పోయినదా. మసక వెలుగులో కన్ను ఎరుపును ఉన్నదానికంటే ముదురుగా, నీలాన్ని లేతగా చూస్తుంది కాబట్టి చొక్కా ఎరుపుదని అనిపించకపోయినా వెలుగులోకి వచ్చినప్పుడు ఒకసారి సరిచూడండి.

విరామమే వాద్యకారుడితో మాట్లాడవలసిన సమయం. స్కెచ్ చూపించి, దాన్ని పెద్ద చిత్రంగా వేయాలనుకుంటున్నానని చెప్పి, ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. విశ్రాంతిగా ఉన్న ముఖాన్ని తలుపు దగ్గర వీధి వెలుగులో తీసుకున్న ఒక్క ఫోటో, ప్రదర్శనలో దొంగచాటుగా తీసిన వందకంటే బొమ్మకు ఎక్కువ పనికివస్తుంది.

గతించిన వాద్యకారులను వేయాలంటే ఛాయాచిత్రాలే ఆధారం, అక్కడ హక్కుల సంగతి చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రసిద్ధ ఛాయాచిత్రాన్ని దింపి అమ్మితే ఆ ఛాయాచిత్రకారుల హక్కులకు భంగం కలగవచ్చు. గాయకుడు ప్రిన్స్ ఛాయాచిత్రం ఆధారంగా ఆండీ వార్హోల్ చేసిన బొమ్మను ఒక పత్రికకు లైసెన్స్‌కు ఇచ్చిన వివాదంలో, అమెరికా సుప్రీంకోర్టు 2023లో ఆ ఫోటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ పక్షాన తీర్పు ఇచ్చింది. నిశ్చింతగా వాడుకోదగినది విలియం గాట్లీబ్ సేకరణ. 1938 నుంచి 1948 దాకా ఆయన తీసిన 1,600కు పైగా జాజ్ ఛాయాచిత్రాలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఆయన కోరిక మేరకు 2010లో అవి అందరి వినియోగానికీ వచ్చాయి. అందులోనూ వాయించని క్షణాల ఛాయాచిత్రాలను వెతకండి.

8. ఇంట్లో చిత్రం కట్టడం

16×20 అంగుళాల కాన్వాస్ మీద తల 7 అంగుళాల ఎత్తు వచ్చేలా పెట్టుకుంటే అసలు తల కంటే కొంచెం చిన్నదై, ఛాతీ దాకా, వాద్యం పైభాగం దాకా చోటు మిగులుతుంది. వాద్యాన్ని పూర్తిగా చూపించాలన్న ఆశతో తలను చిన్నది చేయకండి. గంటను కాన్వాస్ అంచు కోసేసినా చూసేవారు దాన్ని పూర్తి చేసుకుంటారు. తల ఎటు ఒరిగి వింటోందో ఆ వైపు ఎక్కువ ఖాళీ వదలండి, శబ్దం అక్కడి నుంచి వస్తోందని ఆ ఖాళీయే చెబుతుంది.

తెల్లటి కాన్వాస్ మీద చీకటి గదిని కట్టడం కష్టం. బర్న్ట్ సియెన్నాను పలుచగా పూసి ఆరనివ్వండి. దాని మీద బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్ లేదా వాసన లేని ద్రావకంతో కలిపి, స్కెచ్‌లోని నీడ ఆకారాన్ని అలాగే దింపండి. వెలుగున్న చోట్ల గుడ్డతో తుడిచేస్తే కింది పూత బయటపడుతుంది. ఈ దశలోనే పోలిక రావాలి. ఇక్కడ రాని పోలిక తర్వాత రంగులతో రాదు. తైలవర్ణాల్లో నూనె తక్కువ ఉన్న పొర కింద, ఎక్కువ ఉన్నది పైన అనే క్రమాన్ని తప్పితే కొన్నేళ్లకు పగుళ్లు వస్తాయి.

చర్మం దగ్గర నిదానించాలి. న్యూ ఆర్లియన్స్ జాజ్ ఆఫ్రికన్ అమెరికన్ల, ఐరోపా, ఆఫ్రికా మూలాలు కలిసిన క్రియోల్‌ల సమాజాల్లో పుట్టిన సంగీతం, ఒకే వేదిక మీద చామనచాయ నుంచి చిక్కటి నలుపు దాకా పది ఛాయలు కనిపిస్తాయి. వీటిని ఒకే గోధుమరంగు డబ్బాలోంచి తీసి, తెలుపుతో పలుచన చేసి వేస్తే ముఖాలు సుద్ద పూసినట్టుంటాయి. నలుపు ట్యూబును పక్కన పెట్టండి. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ అంబర్ కలిపితే చల్లటి చీకటి వస్తుంది. అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా కలిపితే చెవి అంచు, ముక్కు పక్క వంటి చోట్ల వెచ్చటి చీకటి వస్తుంది. ముదురు చర్మం మీద మెరుపు చర్మపు రంగుది కాదు, దీపం రంగుది. నీలి దీపం కింద ఆ మెరుపు బూడిద నీలంగా, బల్బు కింద లేత పసుపుగా ఉంటుంది, దాన్ని చిన్నదిగా, అంచు స్పష్టంగా వేయాలి. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టి షికాగోలో పెరిగిన ఆర్చిబాల్డ్ మాట్లీ (1891–1981) ఈ ఛాయల తేడాలను జీవితమంతా శ్రద్ధగా చిత్రించారు. 1943లో వేసిన ఆయన ‘నైట్‌లైఫ్’ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. క్లబ్బు వెలుగు మొత్తం గులాబీ, ఊదా రంగుల్లోకి మారినప్పుడు కూడా చర్మపు ఛాయలు వేరువేరుగా ఎలా నిలుస్తాయో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

ఇత్తడి గురించి క్లుప్తంగా: ట్రంపెట్‌లో పసుపు చాలా తక్కువ. గొట్టం మీద పొడుగ్గా సాగే ముదురు గోధుమ చారలు, వాటి పక్కనే అకస్మాత్తుగా తెలుపు, మధ్యలో కొద్దిగా యెల్లో ఓకర్, అంతే. వాయించేవారి చొక్కా రంగు గంట లోపలి అంచులో ప్రతిఫలిస్తుంది, ఆ ఒక్క రంగు వేస్తే వాద్యం ఆ మనిషి చేతిలోనే ఉన్నట్టు కుదురుతుంది. మెరుపులన్నీ వాద్యానికే ఇచ్చేస్తే చూపు ముఖం మీద నిలవదు కాబట్టి, అన్నిటికంటే ప్రకాశవంతమైన చుక్కను నుదుటికో, కంటి పక్కకో మిగల్చండి.

వెనుక గదిని వివరంగా వేయవలసిన పని లేదు. గోడ రంగు, ఒక దీపం, పక్క వాద్యకారుడి మోచేయి చాలు.

9. పూర్తి చేయడం, ఇవ్వడం, అమ్మడం

చిత్రాన్ని అద్దంలో తిప్పి చూస్తే తల వాలులో తప్పు తెలుస్తుంది. పక్కన తొలి స్కెచ్ పెట్టుకుని పోల్చండి, ఫోటోను కాదు. ఫోటో కంటే స్కెచ్‌లోనే ఆ రాత్రి విన్నది ఎక్కువగా ఉంటుంది, రెండూ విభేదిస్తే స్కెచ్ మాటే నెగ్గాలని నా దృఢమైన నమ్మకం. వార్నిష్‌కు తొందరపడకండి. సంప్రదాయ వార్నిష్ వేయడానికి పలుచటి పొరలకు ఆరు నెలలు, మందమైన వాటికి ఏడాది ఆగాలి.

చిత్రం ఆరేలోపే దాని ఫోటోను వాద్యకారుడికి పంపండి. అమ్మాలనుకుంటే, ముఖ్యంగా ముద్రణ ప్రతులుగా అమ్మాలనుకుంటే, ముందే అనుమతి అడిగి, వచ్చిన దాంట్లో వాటా ఎంతో రాతపూర్వకంగా అనుకోవడం మర్యాదే కాక చట్టరీత్యా కూడా మంచిది. బతికున్న వ్యక్తి రూపాన్ని వ్యాపారానికి వాడుకోవడం మీద ఆ వ్యక్తికి హక్కులు ఉంటాయి. జాక్సన్ స్క్వేర్ కంచె దగ్గర పెట్టి అమ్మాలంటే నగరపాలక సంస్థ ఇచ్చే చిత్రకారుల అనుమతి పత్రం కావాలి. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు మంచి కాగితం మీద తీసిన ఒక ప్రతిని తీసుకెళ్లి, సెట్ మొదలయ్యేముందు కాక విరామంలోనే, అట్ట పెట్టి చుట్టి, వెనుక తేదీ, వేదిక పేరు రాసి ఆ వాద్యకారుడి చేతికి ఇవ్వండి.